తరగతి గది నుంచి జర్నల్ దాకా

ఈ పూట నేను మాట్లాడేది ముఖ్యంగా ప్రాథమిక పాఠశాలల్లో చదువు చెప్పే ఉపాధ్యాయులతో, డైట్ కళాశాలల అధ్యాపకులతో, వయోజన విద్యా కేంద్రాలు నడిపిన కార్యకర్తలతో. పిల్లలకైనా పెద్దలకైనా చదవడం, రాయడం నేర్పేటప్పుడు మీ కంటబడిన విషయాన్ని ఒక పరిశోధన పత్రికకు, అంటే జర్నల్‌కు, వ్యాసంగా ఎలా పంపాలన్నది విషయం.

అది యూనివర్సిటీ వాళ్ల పని కదా, మాకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకని ఎందుకో ముందు చెప్పి, ఎలాగో తర్వాత చెబుతాను.

పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారన్న దాని మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలో చాలా భాగం ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల మీదే జరిగింది. ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయ పరిశోధకుడు డేవిడ్ షేర్ 2008లో ‘సైకలాజికల్ బులెటిన్’ అనే జర్నల్‌లో ఈ సంగతి మీద పెద్ద వ్యాసం రాశారు. పలికేదానికీ రాసేదానికీ పొంతన లేకపోవడంలో ఇంగ్లీషు మిగతా భాషలకు దూరంగా ఒక కొసన ఉంటుంది, అలాంటి ఒక్క భాషను చూసి అందరికీ వర్తించే సూత్రాలు ఎలా తీస్తారన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న మన తరఫున వేసినట్టే ఉంటుంది నాకు.

మన లిపుల సంగతి చూడండి. ఇంగ్లీషు పిల్లవాడికి అక్షరాలు 26. మన పిల్లవాడికి అచ్చులు, హల్లులు, వాటి గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలుపుకుంటే వందల్లోకి వెళతాయి. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటారో సోనాలి నాగ్ పరిశీలించి 2007లో ‘జర్నల్ ఆఫ్ రీసెర్చ్ ఇన్ రీడింగ్’లో రాశారు. అక్షరాల మీద పట్టు ఒకటో తరగతితో వచ్చేసేది కాదని, పైతరగతుల్లోనూ ఆ నేర్చుకోవడం సాగుతూనే ఉంటుందని ఆమె చూపించారు. తెలుగు విషయానికొస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయం భాషాశాస్త్ర విభాగంలో పనిచేసిన దుగ్గిరాల వసంత 2004లో ‘రీడింగ్ అండ్ రైటింగ్’ అనే అంతర్జాతీయ జర్నల్‌లో, తెలుగు చదివే పిల్లలు మాటలోని ధ్వనులను విడదీసి ఎలా పట్టుకుంటారో వివరించారు. ఇవి విలువైన వ్యాసాలు. కానీ 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాషగా రాయించుకున్న భాషకు ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటే సరిపోతుందా?

దీని ప్రభావం మన బడి మీదే పడుతుంది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ మొదలైంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవగలగాలని, 2026-27 నాటికి అది సాధించాలని పెట్టుకున్నారు. మంచి లక్ష్యమే. అయితే తెలుగు పిల్లవాడు ఏ నెలకు ఎంత చదవగలగాలి, ఒత్తులు ఎప్పుడు నేర్పాలి, గుణింతాలన్నీ వల్లె వేయించాకే కథ చేతికివ్వాలా, ముందే ఇవ్వాలా? ఇలాంటివి తేల్చాలంటే తెలుగు మీద సమాచారం కావాలి. అది లేని చోట ఇంకో భాష లెక్కలు తెచ్చి మన పిల్లల మీద పెడతారు. ఆ సమాచారం ఇవ్వగలిగిన మనిషి రోజూ తెలుగు వాచకం పట్టుకుని పిల్లల ముందు నిలబడే ఉపాధ్యాయుడే.

ఒక ఉదాహరణ కాస్త దగ్గరగా చూద్దాం. శ్రోతల్లో వీలైనవాళ్లు ఒక కాగితం మీద ‘రాత్రి’ అని రాయండి. ‘త్రి’ అనే అక్షరంలో మొదట పలికేది త, తర్వాత ర, చివర ఇ. కానీ రాతలో ఆ ‘ఇ’ ఎక్కడుంది? గుడి రూపంలో త నెత్తి మీద ఉంది. మధ్యలో పలకాల్సిన ర మాత్రం ఒత్తుగా కిందికి వెళ్లింది. అంటే కంటికి కనిపించే వరస ఒకటి, నోటితో పలికే వరస మరొకటి. కొత్తగా చదవడం నేర్చుకునే పిల్లవాడు కంటిని నమ్ముతాడు. ముందు గుడి పెట్టిన ‘తి’ చదివి, తర్వాత కిందికి దిగి ‘ర’ అంటాడు. ‘రాతిర’ అవుతుంది. ‘వస్తువు’ను ‘వసుతవు’ అనే పిల్లలను, ‘గుర్తింపు’ను ‘గురితంపు’ అనే పిల్లలను రెండో తరగతి, మూడో తరగతి చెప్పిన ఎవరైనా చూసే ఉంటారు. చాలామందిమి దీన్ని అజాగ్రత్త కింద జమకట్టి, సరిగ్గా చూసి చదవమని గదమాయిస్తాం. నిజానికి ఆ పిల్లవాడు ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో ఆ తప్పే చెబుతోంది.

ఇంతవరకూ అనుభవం. దీన్ని ప్రశ్నగా మార్చాలి. ఈ రకం తప్పులు ఏ ఒత్తుల దగ్గర ఎక్కువ? మ్మ, ట్ట లాంటి ద్విత్వాక్షరాల దగ్గర ఇబ్బంది లేకుండా, స్త, ర్త, ద్ర లాంటి వాటి దగ్గరే వస్తోందా? గుడికీ కొమ్ముకూ తేడా ఉందా? రెండో తరగతిలో కనిపించింది నాలుగో తరగతికి పోతోందా? మాటలను ఏరి ఒక జాబితా చేసుకుని, ఒక్కో బిడ్డ చేత విడిగా చదివించి, ఎలా పలికితే అలాగే రాసుకుని, వీలైతే రికార్డు చేసుకుని, తేదీ వేసి పెట్టుకోవాలి. ఒక తరగతిలో ఒక సంవత్సరం పాటు జాగ్రత్తగా రాసుకున్న ఇలాంటి నోట్సు ఒక మంచి వ్యాసానికి సరిపోతుంది. ప్రయోగశాల అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు.

బడిపంతులు పరిశోధన రాయడం మన నేలకు కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరినవారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారు చేశారు. ఆయన సవర భాషా వ్యాకరణాన్ని 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోనూ మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. సవర బడుల కోసం చేసిన ఈ పని అంతగా తెలియదు. ఆ పని విలువ చిన్నది కాదు.

రాసిపెట్టుకోకపోతే ఏం పోతుందో చెప్పడానికి కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతర్ల వెలుగులో కూలి పనులకు వెళ్లే ఆడవాళ్లు చదువుకున్నారు. వాళ్ల వాచకంలో ఆడవాళ్లంతా కలిసి ఊళ్లో సారా కొట్టు మూయించిన పాఠం ఒకటి ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాన్ని తమ ఊళ్లో నిజం చేసి చూపించారు. అక్కడి నుంచి ఉద్యమం పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఈ ఉద్యమం గురించి స్త్రీవాద పరిశోధకులు ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ లాంటి పత్రికల్లో మంచి వ్యాసాలు రాశారు. కానీ ఆ కేంద్రాల్లో రోజూ కూర్చుని చదువు చెప్పిన వాలంటీర్లు? నలభై ఏళ్ల మనిషి మొదటిసారి పలక పట్టుకున్నప్పుడు ఏ అక్షరం దగ్గర ఆగింది, ఏ మాటతో పుంజుకుంది, ఎన్ని నెలలకు బస్సు బోర్డు చదివింది, కేంద్రం మూతపడ్డాక ఎంత నిలిచింది? ఇవి చెప్పగలిగిన వాలంటీర్లు జిల్లాలో వేలమంది ఉండేవారు. వాళ్లు తమ మాటల్లో రాసిన వ్యాసాలు మాత్రం నా చేతికి వచ్చినవి చాలా తక్కువ. ఆ కార్యకర్తల్లో ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, మీ పాత డైరీలు, హాజరు పుస్తకాలు అటక మీద ఉంటే దించండి. ఇప్పటికీ ఆలస్యం కాలేదు.

ఇక ఎలా పంపాలన్న సంగతికి వస్తాను.

రాయడం మొదలుపెట్టకముందే ఎక్కడికి పంపాలో తేల్చుకోవాలి. పత్రికకూ జర్నల్‌కూ తేడా ఉంది. హైదరాబాద్ నుంచి 1989 నుంచీ వస్తున్న ‘టీచర్ ప్లస్’ లాంటిది ఉపాధ్యాయుల పత్రిక. మీ అనుభవాన్ని సూటిగా, చిన్నగా రాస్తే చాలు. మొదటిసారి రాసేవాళ్లకు అది మంచి సాధన. జర్నల్ అలా కాదు. మీరు చెప్పినదానికి ఆధారం చూపించాలి, ఇంతకుముందు ఇతరులు చెప్పినదానితో మీది ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో చెప్పాలి. మన దేశంలో చూస్తే, ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి ‘ప్రైమరీ టీచర్’, ‘జర్నల్ ఆఫ్ ఇండియన్ ఎడ్యుకేషన్’ ఉన్నాయి. ఉదయ్‌పూర్ విద్యాభవన్ సొసైటీ, అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కలిసి 2012లో ప్రారంభించిన ‘లాంగ్వేజ్ అండ్ లాంగ్వేజ్ టీచింగ్’ ఉంది. వయోజన విద్యకైతే 1939 నాటి ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ అడల్ట్ ఎడ్యుకేషన్’ ఉంది. బయటి దేశాల్లో, 1956లో మొదలైన ఇంటర్నేషనల్ రీడింగ్ అసోసియేషన్, అంటే ఇప్పటి ఇంటర్నేషనల్ లిటరసీ అసోసియేషన్, మూడు జర్నళ్లు నడుపుతోంది. చిన్న పిల్లలకు చదువు చెప్పేవారి కోసం ‘ది రీడింగ్ టీచర్’. హైస్కూలు పిల్లలు, పెద్దల చదువు కోసం ‘జర్నల్ ఆఫ్ అడాలసెంట్ అండ్ అడల్ట్ లిటరసీ’. లోతైన పరిశోధనకు 1965 నుంచీ వస్తున్న ‘రీడింగ్ రీసెర్చ్ క్వార్టర్లీ’. ఒకే సంస్థ నడిపేవే అయినా ఈ మూడింటి చదువరులు వేరు. ఒకదానికి సరిపోయే వ్యాసం ఇంకోదానికి పనికిరాదు.

ప్రతి జర్నల్ తన పరిధి ఏమిటో, ఎలాంటి వ్యాసాలు తీసుకుంటుందో ఒకటి రెండు పేరాల్లో ప్రకటిస్తుంది. అది చదవడం ఎలాగూ తప్పదు. దాంతోపాటు ఆ జర్నల్‌లో ఈమధ్య వచ్చిన నాలుగైదు వ్యాసాలు మొదటినుంచి చివరిదాకా చదవండి. ఎంత పొడవున్నాయి, తరగతి గది మాట ఎన్నో పేజీలో వచ్చింది, పట్టికలు ఎన్ని, పిల్లల మాటలు ఎలా ఉటంకించారు అన్నది గమనించండి. ఇవి ఎక్కడ దొరుకుతాయని అడుగుతారేమో. 1960ల నుంచి ఉన్న, ఇప్పుడు అమెరికా విద్యాశాఖ నడుపుతున్న ఎరిక్ అనే సూచికలో విద్యకు సంబంధించిన వ్యాసాలను ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద 13 వేల దాకా అంతర్జాతీయ జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి వస్తున్నాయి. మీ దగ్గర్లోని యూనివర్సిటీ లైబ్రరీకో, ప్రభుత్వ డిగ్రీ కళాశాలకో వెళ్లి అడగండి. అక్కడి లైబ్రేరియన్‌తో పరిచయం పెంచుకోండి. ఈ పనిలో అంతకన్నా అక్కరకొచ్చే మనిషి దొరకరు.

రాసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. నేను కొన్నేళ్లుగా జర్నళ్లకు వచ్చిన వ్యాసాలు చదివి అభిప్రాయం రాసి పంపుతున్నాను, దీన్నే రివ్యూ అంటారు. మన ప్రాంతం నుంచి వచ్చే వ్యాసాల్లో చాలావాటికి మొదటి ఐదారు పేజీలు ఒకేలా ఉంటాయి. గురుకులాల వైభవం, కొఠారీ కమిషన్, 2020 జాతీయ విద్యావిధానం, చదువు ప్రాముఖ్యం మీద మహనీయుల మాటలు. పిల్లవాడు ఏడో పేజీకి కనిపిస్తాడు. అప్పటికి ఎడిటర్ వ్యాసం పక్కన పెట్టేసి ఉంటారు. తిరస్కరణల్లో చాలా భాగం రివ్యూ దాకా వెళ్లకుండా ఎడిటర్ బల్ల దగ్గరే జరుగుతాయి. మన ఉపాధ్యాయుల దగ్గర సరుకు లేక ఇలా కావడం లేదు. సరుకును ఏడో పేజీలో దాచిపెట్టడం వల్ల అవుతోంది. బాధ కలిగేది అక్కడే. మొదటి పేజీలోనే మీ ప్రశ్న పెట్టండి. ‘వస్తువు’ను ‘వసుతవు’ అని చదివిన బిడ్డతో మొదలుపెట్టినా తప్పులేదు.

ఆ తర్వాత మీ బడి ఎలాంటిదో చెప్పాలి. మనకు మామూలుగా అనిపించేది చదివే వాళ్లకు తెలియదు. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లుంటే ఆ మాట రాయాలి. పిల్లల ఇంటి భాష లంబాడీయో, కోయో, ఉర్దూయో అయితే అది తప్పకుండా రాయాలి, ఎందుకంటే మొత్తం విషయమే మారిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు తయారు చేశారు. ఆ పుస్తకాలతో చదువు చెప్పిన టీచర్లకు తెలిసినది ఇంకెవరికీ తెలియదు. ఇంటి భాష నుంచి బడి భాషలోకి బిడ్డ ఎప్పుడు, ఎలా దాటుతాడన్నది ఈనాడు ప్రపంచమంతటా అడుగుతున్న ప్రశ్న.

‘నా పద్ధతి అద్భుతంగా పనిచేసింది’ అని మాత్రం రాయకండి. ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష, మధ్యలో మీ పద్ధతి, మార్కులు పెరిగాయి కనుక పద్ధతి గొప్పది అనే తీరు వ్యాసాలు లెక్కలేనన్ని వస్తాయి. మూడు నెలల్లో పిల్లలు ఎలాగూ కొంత ఎదుగుతారు. ఆ ఎదుగుదలలో మీ పద్ధతి వాటా ఎంతో ఎలా తెలుస్తుంది? దానికన్నా, ఏ పిల్లలకు పనిచేసింది, ఏ పిల్లలకు పనిచేయలేదు, పనిచేయని చోట ఏం కనబడింది అని రాసిన వ్యాసానికి గౌరవం ఎక్కువ. పిల్లల నోటు పుస్తకంలోని ఒక పేజీ ఫొటో, ఒక బిడ్డ చదువుతున్నప్పటి మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, ఎన్ని మాటలు చదివిస్తే ఎన్ని తప్పులు వచ్చాయో చూపే చిన్న పట్టిక. ఇవి పది పేజీల సిద్ధాంతంకన్నా బలంగా నిలబడతాయి.

పిల్లల గురించి రాస్తున్నాం కనుక అనుమతులు ముఖ్యం. ప్రధానోపాధ్యాయుల అనుమతి, శాఖ అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం కాగితం మీద ఉండాలి. తల్లిదండ్రులకు చదువు రాకపోతే ఆ కాగితాన్ని తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించి, వాళ్లు అడిగినవాటికి జవాబు చెప్పి, అప్పుడు సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. వద్దంటే ఆ బిడ్డను వదిలేయాలి. బిడ్డకు కూడా ఇష్టం ఉండాలి. వ్యాసంలో పిల్లల పేర్లు మార్చాలి, ఫొటోలో నోటు పుస్తకం మీది పేరు కనిపించకూడదు. చిన్న ఊరైతే ఊరి పేరు కూడా మార్చడం మంచిది.

భాష గురించి భయపడేవాళ్లు చాలామంది. పైన చెప్పిన జర్నళ్లలో ఎక్కువ ఇంగ్లీషువే. నా సలహా, ముందు తెలుగులోనే రాయండి. మీరేం చూశారో, దాన్నిబట్టి ఏం అనుకుంటున్నారో మీ భాషలో తేటపడితే, ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలతో చెప్పవచ్చు. ఇంగ్లీషు టీచరును ఒకరిని సహరచయితగా కలుపుకోవచ్చు, వాళ్లు నిజంగా పని పంచుకుంటే. ఈమధ్య కృత్రిమ మేధ సాధనాలతో రాయించేవాళ్లు పెరిగారు. ప్రచురణ నైతికత మీద పనిచేసే కోప్ అనే అంతర్జాతీయ సంఘం 2023లోనే వాటిని రచయితగా చూపకూడదని, వాడితే ఎలా వాడారో బయటపెట్టాలని చెప్పింది. భాష దిద్దడానికి వాడుకుంటే ఆ మాట రాయండి. మీరు చూడనిదాన్ని అది పుట్టిస్తే మాత్రం మీ పేరు, మీ పిల్లల మీద మీరు పెట్టిన శ్రమ రెండూ పోతాయి.

పంపే పని కష్టమేమీ కాదు. చాలా జర్నళ్లు ఆన్‌లైన్‌లో తీసుకుంటాయి. వ్యాసం ఒక ఫైలు, మీ పేరు, చిరునామా ఉన్న మొదటి పేజీ విడిగా ఇంకో ఫైలు. వ్యాసం లోపల మీరెవరో తెలిసే మాట ఎక్కడా ఉండకూడదు, ఎందుకంటే రివ్యూ చేసేవారికి రచయిత ఎవరో, రచయితకు రివ్యూ చేసింది ఎవరో తెలియకుండా చూస్తారు. నూట యాభై, రెండొందల మాటల సారాంశం, నాలుగైదు కీలక పదాలు, ఎడిటర్‌కు చిన్న ఉత్తరం జతచేయాలి. పరిశోధకులకు పదహారు అంకెల గుర్తింపు సంఖ్య ఇచ్చే ఓర్కిడ్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు, మన దగ్గర ఒకే పేరున్నవాళ్లు చాలామంది కనుక అది పనికొస్తుంది. ఒక వ్యాసం ఒకేసారి ఒక జర్నల్‌కే పంపాలి. అక్కడి నుంచి కబురు వచ్చేదాకా ఇంకోచోటికి పంపకూడదు.

తర్వాత ఎదురుచూడాలి. నెలలు పడుతుంది. ఇద్దరో ముగ్గురో రివ్యూయర్లు జీతం లేకుండా, తమ పనుల మధ్య మీ వ్యాసం చదువుతారు.

చివరికి ఉత్తరం వస్తుంది. అందులో ‘ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నాం’ అన్న మాట దాదాపుగా ఉండదు. పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమంటే అది శుభవార్త. మన ఉపాధ్యాయులు చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. రెండు పేజీల అభ్యంతరాలు చూసి, మనల్ని కాదన్నారని అనుకుని ఫైలు మూసేస్తారు. మంచి వ్యాసాలు ఇలా పోవడం చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఎడిటర్‌కు ఇష్టం లేకపోతే మళ్లీ పంపమని అడగరు.

మన ఒత్తుల వ్యాసమే తీసుకుందాం. ఒక రివ్యూయర్ ఇలా అడగవచ్చు. ‘రాత్రి’ని పిల్లలు ‘రాతిర’ అని చదివారంటున్నారు. కానీ వాళ్ల ఇళ్లలో మాట్లాడేటప్పుడు కూడా దాదాపు అలాగే, ‘రాతిరి’ అంటారట కదా. అయితే ఇది లిపి వల్ల వచ్చిన తప్పా, ఇంటి పలుకుబడా? ఎంత మంచి ప్రశ్న! దీనికి కోపం తెచ్చుకోకూడదు. మళ్లీ మీ నోట్సు తీయాలి. ఇంటి పలుకుబడిలో అలాంటి రూపం లేని మాటలను విడదీయాలి. ‘వస్తువు’ను ఇంట్లో ఎవరూ ‘వసుతవు’ అనరు. ‘గుర్తింపు’ను ఎవరూ ‘గురితంపు’ అనరు. ఆ మాటల్లోనూ అదే తప్పు వస్తే మీ వాదన నిలబడుతుంది. ఇంకా గట్టిగా చూడాలంటే, అర్థం లేని కల్పిత మాటలు కొన్ని అల్లి పిల్లల చేత చదివించవచ్చు. ‘మస్తిలు’ అని ఒక మాట ఏ ఇంట్లోనూ వినబడదు కనుక, బిడ్డ దాన్ని ఎలా చదివినా లిపిని చూసి చదివినట్టే. ఇలా చేశాక మీ వ్యాసం మొదటిదానికన్నా ఎంతో బలపడుతుంది. మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి వల్ల అది జరిగింది.

జవాబు రాయడానికి ఒక పద్ధతి ఉంది. రివ్యూయర్ మాట ఒక్కొక్కటీ ఎత్తిరాసి, దాని కింద మీరేం చేశారో, ఏ పేజీలో చేశారో రాయాలి. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోవడం లేదో కారణం చూపి చెప్పవచ్చు. మన పరిస్థితి తెలియక అడిగే ప్రశ్నలు కూడా వస్తాయి. పిల్లలందరికీ ప్రామాణిక పఠన పరీక్ష ఎందుకు పెట్టలేదని అడుగుతారు. మీరు చూస్తున్న అంశానికి తగిన ప్రామాణిక పరీక్ష తెలుగులో దొరకలేదంటే, ఆ సంగతి రాసి, అందుకే మాటల జాబితా స్వయంగా చేసుకున్నామని, ఎలా చేసుకున్నామో వివరించాలి. ఒక్క అభ్యంతరాన్ని కూడా చూడనట్టు వదిలేయకూడదు.

తిరస్కరిస్తే? ఆ రివ్యూల్లో పనికొచ్చేవి తీసుకుని, సరిచేసి, ఇంకో జర్నల్‌కు పంపాలి. పేరున్న పరిశోధకుల వ్యాసాలు కూడా అలాగే తిరిగి తిరిగి అచ్చయ్యాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. మీ పేరు ఒకసారి బయటికి వచ్చాక, ‘గౌరవనీయ ప్రొఫెసర్ గారూ, మీ విలువైన వ్యాసం పంపండి, మూడు రోజుల్లో వేస్తాం’ అని మెయిళ్లు మొదలవుతాయి. కొన్ని వేలు కట్టించుకుని, ఎవరూ చదవకుండానే పెట్టేస్తారు. ప్రమోషన్ల కోసం, పిహెచ్.డి. కోసం అచ్చైన వ్యాసాలు చూపించాలన్న నిబంధనలు మన దగ్గర ఈ వ్యాపారాన్ని పెంచాయి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ జెఫ్రీ బీల్ ఇలాంటి ప్రచురణకర్తల జాబితా 2017 దాకా నిర్వహించారు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక జర్నళ్ల సంస్థ మీద అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. మన నగరం పేరు ప్రపంచ పరిశోధన రంగంలో ఇలా వినబడటం నాకు బాధ కలిగిస్తుంది. యు.జి.సి. నమ్మదగిన జర్నళ్ల కోసం నడిపిన కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కనుక ఇప్పుడు చూసుకోవాల్సిన బాధ్యత మనదే. ఐ.ఎస్.ఎస్.ఎన్. నంబరు ఉన్నంత మాత్రాన మంచి జర్నల్ అనుకోవద్దు, ఆ నంబరు ఎవరికైనా ఇస్తారు. అందులో వచ్చిన వ్యాసాలు రెండు చదవండి. ఎడిటర్లుగా పేర్లున్నవాళ్లు నిజంగా ఆ విశ్వవిద్యాలయాల్లో ఉన్నారో లేదో వెతకండి. పేరున్న అంతర్జాతీయ జర్నళ్లలో చాలావాటికి, చందాదారులు చదివే పద్ధతిలో వేయించుకుంటే రచయిత పైసా కట్టనక్కర్లేదు. అందరికీ ఉచితంగా తెరిచి ఉంచాలంటేనే రుసుము అడుగుతారు, అది వేల డాలర్లలో కూడా ఉండవచ్చు. ఆ రెండింటిలో మొదటిది ఎంచుకునే హక్కు మీకుందని మరవకండి.

వ్యాసం ఖాయమయ్యాక ప్రూఫులు వస్తాయి. రెండు మూడు రోజులే గడువు ఇస్తారు. తెలుగు మీద రాసిన వ్యాసానికి అసలు ప్రమాదం ఇక్కడే. అక్షరాలు కూర్చేవారికి తెలుగు రాదు. వాళ్ల కంప్యూటర్‌లో ఫాంటు సరిగా లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కకు వస్తాయి, కొమ్ములు ఎగిరిపోతాయి, ‘స్తు’ కాస్తా ముక్కలై మూడు గుర్తులుగా నిలబడుతుంది. ఒత్తుల వరస గురించి రాసిన వ్యాసంలో ఒత్తులే తప్పుగా పడితే చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు. అందుకని మొదట పంపేటప్పుడే యూనికోడ్‌లో టైపు చేయండి. తెలుగు మాటలన్నిటినీ ఒక పీడీఎఫ్‌లోనో, బొమ్మలుగానో కూడా జతచేయండి. పక్కనే రోమన్ లిపిలో ఉచ్చారణ ఇవ్వండి. ప్రూఫు వచ్చినప్పుడు ఇంగ్లీషు భాగం ఇంకొకరికి అప్పగించినా, తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ మీరే చూసుకోండి.

అచ్చయ్యాక అది మన బడులకు కూడా చేరాలి. ఇంగ్లీషు జర్నల్‌లో వచ్చిన వ్యాసాన్ని తెలుగులో మళ్లీ రాసి, మీ స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చదవవచ్చు, ఉపాధ్యాయుల పత్రికకు ఇవ్వవచ్చు. అయితే జర్నల్ వాళ్లతో మీరు చేసుకున్న కాపీరైటు ఒప్పందంలో అనువాదం మాట ఏమందో ముందు చూసుకోండి. అనుమతి కావాలని ఉంటే, ఏ పత్రికకు, ఎన్ని ప్రతులు, లాభానికా కాదా అన్నవి రాసి ప్రచురణ సంస్థకు ఒక మెయిల్ పంపండి. విద్యా ప్రయోజనానికి అడిగితే సాధారణంగా ఇస్తారు. ఆ జవాబు వచ్చాక తెలుగు ప్రతి చివర, మొదట ఏ జర్నల్‌లో, ఏ సంవత్సరంలో వచ్చిందో ఒక వాక్యం వేయడం మరచిపోవద్దు.